పీఆర్ అంటే మైకా? చెవా?

ఏలూరులో ఎవరినైనా ఆపి "పీఆర్ ఆఫీసు ఎక్కడండీ?" అని అడిగి చూడండి. పంచాయతీరాజ్ ఇంజనీర్ల ఆఫీసుకి దారి చెబుతారు. కెనడా వెళ్లిన నా బ్యాచ్‌మేట్‌కి పీఆర్ అంటే పర్మనెంట్ రెసిడెన్సీ. ఫోన్ చేస్తే "ఇంకా రాలేదురా" అన్నదే వాడి మొదటి మాట. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతున్న మా పిన్ని కొడుక్కి పీఆర్ అంటే కాలేజీ ఫెస్ట్‌కి స్పాన్సర్లని పట్టుకొచ్చే గ్యాంగ్. ఇక నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్. మనం రాసిన కోడ్‌ని ముందు నలుగురికీ చూపించాలి, వాళ్లు పెట్టిన వంకలకి జవాబు చెప్పాలి, సరిదిద్దాలి. ఆ తర్వాతే అది అసలు కోడ్‌లో కలుస్తుంది.

అసలు పీఆర్, అంటే పబ్లిక్ రిలేషన్స్, మనలో ఎక్కువ మందికి సినిమా పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో పరిచయం. 'పీఆర్వో: బి.ఎ.రాజు' అన్న లైన్ చూడకుండా పెరిగిన తెలుగు ప్రేక్షకుడు దాదాపు ఉండడు. సూపర్‌స్టార్ కృష్ణ గారి దగ్గర మొదలై, వందల సినిమాలకి పీఆర్వోగా పనిచేసి, 'సూపర్‌హిట్' పత్రిక నడిపి, 2021 మేలో ఆయన కన్నుమూశారు. ఆ తరంలో పీఆర్వో అంటే పరపతి ఉన్న మనిషి. మన తరానికి వచ్చేసరికి ఆ మాటే తిట్టు అయిపోయింది. ఏ రీల్ కింద చూసినా "పెయిడ్ పీఆర్", "పీఆర్ స్టంట్" అనే కామెంట్లే కదా.

నేను ఈ మాట వెనకాల పడటానికి కారణం మాత్రం సినిమా కాదు. ఒక కంపెనీలో పనిచేస్తున్నప్పుడు ఓ రాత్రి మా యాప్‌లో పేమెంట్లు ఆగిపోయాయి. డబ్బు కట్ అవుతోంది, ఆర్డర్ పడటం లేదు. మా ఇంజనీర్లం కూర్చుని మూడు లైన్ల మెసేజ్ రాశాం: ఏం జరిగింది, డబ్బు ఎప్పటికి వెనక్కి వస్తుంది, అప్పటిదాకా ఏం చెయ్యొద్దు. అది కమ్యూనికేషన్స్ టీమ్ చేతిలో పడి బయటికి వచ్చేసరికి "కొందరు వినియోగదారులకు స్వల్ప అంతరాయం కలిగి ఉండవచ్చు" అయింది. తెల్లారేసరికి సపోర్ట్‌కి వచ్చిన ఫిర్యాదుల్లో సగం డబ్బు గురించి కాదు, ఆ 'స్వల్ప' గురించి. "నా జీతంలో సగం అందులో ఉంది, మీకిది స్వల్పమా?" అని ఒకాయన రాశాడు. పీఆర్ అంటే ఇదేనా అని అప్పుడే మొదటిసారి అనిపించింది.

వెతికితే తెలిసిందేంటంటే, ఆ ప్రశ్నకి జవాబులు మరీ ఎక్కువున్నాయి. రెక్స్ హార్లో అనే అమెరికన్ 1976లో అప్పటిదాకా ఉన్న నిర్వచనాలన్నీ పోగేస్తే 472 తేలాయి. ఒక వృత్తికి 472 నిర్వచనాలు! మనవాళ్లయితే కథ కంచికి అనేసి ఊరుకునేవాళ్లు.

ఆ కథ మొదలైంది మాత్రం పచ్చి అబద్ధంతో. 1835లో అమెరికాలో పి.టి.బార్నమ్ అనే షోమ్యాన్ ఒక ముసలి నల్లజాతి బానిస స్త్రీని తెచ్చి, ఈవిడకి 161 ఏళ్లు, జార్జ్ వాషింగ్టన్‌ని పెంచిన దాది అని టికెట్ పెట్టి చూపించాడు. జనం తగ్గగానే మారుపేర్లతో పత్రికలకి తనే ఉత్తరాలు రాసేవాడు, ఇదంతా మోసమని కూడా. గొడవ చూడ్డానికి జనం మళ్లీ వచ్చేవారు. ఆవిడ చనిపోయాక డాక్టర్లు చూసి వయసు ఎనభైకి మించదని తేల్చారు. ఫేక్ ఐడీలు, నెగిటివ్ పబ్లిసిటీ మన ట్విట్టర్ ఫ్యాన్స్ కనిపెట్టారనుకుంటే పొరపాటే.

బార్నమ్ దారికి అడ్డం తిరిగినవాడు ఐవీ లీ. జర్నలిస్టుగా మొదలై కంపెనీల వైపు వచ్చాడు. 1906లో బొగ్గు గనుల సమ్మె జరుగుతుంటే పత్రికలకి ఒక ప్రకటన పంపాడు. మేం రహస్యంగా పనిచేయం, మాది యాడ్ ఏజెన్సీ కాదు, అడిగిన వివరం ఇస్తాం అన్నది దాని సారం. అదే ఏడాది అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో ప్రమాదం జరిగితే విలేకరుల్ని దగ్గరికి రానివ్వకపోవడమే రైల్వే కంపెనీల అలవాటు. లీ దాన్ని తిప్పేసి, కంపెనీ తరఫున తనే వివరాలు రాసి పత్రికలకి ఇచ్చాడు. ప్రెస్‌నోట్ చరిత్ర చెప్పే పుస్తకాలన్నీ ఈ ప్రమాదం దగ్గర ఆగుతాయి.

కానీ లీని హీరో చేసి ఆగిపోతే అది కూడా పీఆరే. 1914లో కొలరాడోలోని లడ్లోలో సమ్మెలో ఉన్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. ఆడవాళ్లు, పిల్లలు చనిపోయారు. గనుల్లో పెద్ద వాటా రాక్‌ఫెల్లర్లది. వాళ్ల తరఫున కంపెనీ వెర్షన్‌ని కరపత్రాలుగా దేశమంతా పంచింది ఈ ఐవీ లీనే. వాటిలో అబద్ధాలు దొరికాయి. రచయిత అప్టన్ సింక్లెయిర్ ఆయనకి 'పాయిజన్ ఐవీ' అని పేరు పెట్టాడు. చూశారా, "నిజం చెబుతాం" అన్న వాగ్దానం ఎనిమిదేళ్లకే ఎక్కడికొచ్చిందో.

తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ బెర్నేస్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఈయన మానసిక శాస్త్రవేత్త ఫ్రాయిడ్ మేనల్లుడు. జనానికి ఏం చెప్పాలన్నది కాదు, జనం లోపల ఏముందో తెలుసుకుని దాన్ని మీటాలి అన్నది ఈయన లైన్. 1929 ఈస్టర్ రోజు న్యూయార్క్‌లో అమ్మాయిల చేత నడివీధిలో సిగరెట్లు వెలిగింపజేసి, వాటికి 'స్వేచ్ఛా కాగడాలు' అని పేరు పెట్టించాడు. వెనకాల డబ్బు ఒక పొగాకు కంపెనీది. ఇన్‌స్టాలో ఇన్‌ఫ్లుయెన్సర్ల చేత సాధికారత పేరుతో క్రీములు అమ్మించడం చూసినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు. జనం మాట వినడం ఇక్కడ మొదలైంది. కాకపోతే, గేలం ఎక్కడ వేస్తే పడతాయో చూడ్డానికి విన్నారంతే.

మన దగ్గర ఈ పనికి ముందు మనిషి గొంతే ఉండేది. గోదావరి ఊళ్లలో టముకు కొట్టి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని చాటింపు వేసేవారు. ఆ వాక్యంలో 'తెలియజేయడం' తప్ప 'అడగడం' లేదు, గమనించండి. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం అదే పనిని బుర్రకథ, హరికథ, వ్యాన్‌లో తెచ్చి వేసే సినిమాగా మార్చింది. మా అమ్మమ్మకి కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం ఇప్పటికీ గుర్తే. మన దేశంలో కంపెనీల వైపు చూస్తే, టాటా వాళ్లు 1943లో పీఆర్ విభాగం పెట్టారు. 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా వచ్చింది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీ మహాసభలో నైతిక నియమావళి ఒప్పుకున్నారు కాబట్టి ఆ తేదీని పీఆర్ డేగా జరుపుతారు.

జిల్లాల్లో దీనికి ఒక ఆఫీసరే ఉన్నారు, డీపీఆర్వో. జిల్లా పౌర సంబంధాల అధికారి. మనకి వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యే 'పత్రికా ప్రకటన' ఆ ఆఫీసు సరుకే. తెలుగు పేరు మాత్రం భలే కుదిరింది. ఎందుకంటే మన భాషలో 'సంబంధం' అంటే పెళ్లి సంబంధం కూడా. మగపెళ్లివారు వచ్చి, తమ గొప్పలన్నీ చెప్పుకుని, కాఫీ తాగి, పిల్లని ఒక్క మాట అడక్కుండా వెళ్లిపోతే ఏమంటాం? సంబంధం కుదిరిందని మాత్రం అనం.

ఇదే సంగతిని 1984లో ఇద్దరు ప్రొఫెసర్లు, జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్, సిద్ధాంతంగా రాశారు. వాళ్ల లెక్కలో పీఆర్‌కి నాలుగు మోడల్స్. బార్నమ్‌ది ఒకటి, లీది ఒకటి, బెర్నేస్‌ది ఇంకోటి. నాలుగోది రెండు వైపులా సమానంగా నడిచేది: జనం చెప్పినదాన్ని బట్టి సంస్థ కూడా మారాలి. అమెరికాలో పీఆర్ వాళ్ల సంఘం 1982లో ఇచ్చిన నిర్వచనంలోనూ సంస్థ, ప్రజలు ఒకరికొకరు సర్దుకోవడం అన్న భావమే ఉంది. 2012లో దాన్ని మళ్లీ మార్చారు. ఈసారి నిర్వచనం ఎలా ఉండాలో అందరినీ అడిగితే 900కి పైగా సూచనలు వచ్చాయట. చివరికి ఓటు పెట్టి, ఇద్దరికీ మేలు చేసే సంబంధాలు కట్టే కమ్యూనికేషన్ అని తేల్చారు. నాకైతే 1982ది మెరుగనిపిస్తుంది. 'మేలు' అని ఎవరైనా రాసుకోవచ్చు. 'సర్దుకోవడం' జరిగిందో లేదో బయటివాడు చూసి చెప్పగలడు.

అంటే, పీఆర్ చివరికి పుల్ రిక్వెస్ట్ దగ్గరికే వచ్చింది. కామెంట్లు తీసుకోకుండా మెర్జ్ చేస్తే అది రివ్యూ కాదు.

ఇప్పుడు ఈ కొలబద్దతో మన ఊళ్లు చూద్దాం. రెండో మోడల్‌కి ప్రెస్‌నోట్ ఉంది. మూడోదానికి ఫోన్ మోగుతుంది: "ఈ పథకంతో మీరు సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి." నాలుగోదానికి సోమవారం కలెక్టరేట్ ఉంది. మీ కోసం, స్పందన, ఇప్పుడు పీజీఆర్ఎస్, ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారుతుంది గానీ, అర్జీ పట్టుకుని లైన్లో నిలబడే మనిషి మారడు. నిజం చెప్పాలంటే అదొక్కటే జనం నోటికి ఎదురుగా చెవి ఉండే చోటు.

ప్రెస్‌నోట్ ఎంత దూరం పనిచేస్తుందో ఏలూరు 2020లో చూసింది. డిసెంబరు 5న వన్‌టౌన్ వైపు జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆస్పత్రికి వచ్చారు, ఒకరు చనిపోయారు. కోవిడ్ వల్ల నేను గూడెంలో ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఏలూరు మాకు గంట దూరం, సగం చుట్టాలు అక్కడే. ఫ్యామిలీ గ్రూపులో గంటకో కారణం: నీళ్లలో క్లోరిన్ ఎక్కువైందట, కూరగాయలట, దోమల మందట. "పాలు కూడా తాగకండి" అని మా పెద్దమ్మ వాయిస్ మెసేజ్. 7వ తేదీన ముఖ్యమంత్రి వచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పింది. డిసెంబరు మధ్యకి ఎయిమ్స్, నీరీ నివేదికలతో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ప్రభుత్వం ప్రకటించింది.

తెలియని రోగం ముందు ఎవరికైనా జవాబు ఆలస్యమవుతుంది, దాన్ని నేను తప్పుపట్టను. అలాంటప్పుడు ఐవీ లీ మొదటి పాఠమే మంచిది: తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు, రేపు ఫలానా టైముకి మళ్లీ చెబుతానని చెప్పి ఆ టైముకి రా. దానికి పైసా ఖర్చు లేదు. అయితే అంతటితో సరిపోదు. కారణం ప్రకటించాక, "సరే, అది మా ఒంట్లోకి ఎలా వచ్చింది? ఇప్పుడు మేం ఏం మానాలి?" అన్న ప్రశ్న వీధిలో మిగిలిపోయింది. మా చుట్టాల్లో ఎవరిని అడిగినా ఇప్పటికీ ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ప్రకటన అందింది, ప్రశ్న ఎక్కడికి పంపాలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఏలూరు సంగతి కొన్ని వారాలది. పక్కనే ఉన్న కొల్లేరుది దాదాపు యాభై ఏళ్ల పంచాయితీ, పైగా అక్కడ ప్రకటనలకి కొదవే లేదు.

రీల్స్‌లో కొల్లేరు మీరు చూసే ఉంటారు. ఆటపాక, చెట్ల నిండా గూడబాతులు, సూర్యాస్తమయం. కొల్లేటికి ఉన్న బెస్ట్ పీఆర్వోలు ఆ గూడబాతులే, జీతం కూడా అడగవు. ఫ్రేమ్ బయట చేపల చెరువుల గట్లుంటాయి. 1970ల్లో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, మత్స్యకార సొసైటీలు పెట్టించి సరస్సులో చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. బొచ్చె, శీలావతి పెంచండి, బాగుపడండి అన్నది అప్పటి సందేశం. తర్వాత పెట్టుబడి ఉన్న బయటివాళ్లు లీజులకి దిగారు, చెరువులు పెరిగాయి, సరస్సు తగ్గింది. 1999లో అదే ప్రభుత్వం +5 కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అంది. 2002లో రాంసర్ జాబితాలో చేరి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ప్రొక్లెయిన్లు దిగి వేల ఎకరాల చెరువుల గట్లు తెంచేశాయి. ఒకే మనిషి జీవితంలో ఒకే చెరువు ముందు పథకం, తర్వాత నేరం.

ఇక్కడ కాంటూరు అంటే సముద్ర మట్టం నుంచి అడుగుల ఎత్తు. +5 అంటే నీళ్లు ఐదడుగుల మట్టానికి చేరితే మునిగే నేల అంతా. దాన్ని +3కి దించితే సుమారు 135 చదరపు కిలోమీటర్లే మిగులుతుంది. రాజకీయమంతా ఆ రెండు అడుగుల మధ్యే. 2008లో అసెంబ్లీ +3కి తగ్గించాలని తీర్మానం చేసింది. కేంద్రం శాస్త్రవేత్త అజీజ్ నాయకత్వంలో కమిటీ వేసింది. వాళ్లు ఇక్కడికి వచ్చి, జనంతో మాట్లాడి, 2011లో తగ్గించవద్దు అని చెప్పారు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి చేరేది ఈ సరస్సులోకే, సముద్రానికి బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వరదని కాసేపు ఆపి పట్టుకునే గిన్నె చిన్నదైతే పొంగేది చుట్టుపక్కల ఊళ్లలోకే. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్లు తర్వాత ఎటు వచ్చాయో కైకలూరు రోడ్డు మీద తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు.

కాబట్టి నా లెక్కలో సరస్సు తగ్గకూడదు. నేను పక్షుల వైపే. అది దాచుకుని ఈ వ్యాసం రాస్తే అది మళ్లీ ఇంకో రకం పీఆర్ అవుతుంది.

అలా అని లంక గ్రామాల వాళ్ల కోపాన్ని "ఆక్రమణదారులు" అనే ఒక్క మాటలో కొట్టేయలేం. సరస్సులోపల 46 లంక ఊళ్లున్నాయి. అందరిదీ ఒకే కథ కాదు. ఎవరిదో సొసైటీ చెరువు, ఎవరిదో జిరాయితీ భూమి, ఎవరిదో లీజుకిచ్చి ఏడాదికోసారి చేతికొచ్చే కొంచెం డబ్బు. ప్రెస్‌నోట్‌లో మాత్రం వీళ్లందరూ ఒకటే. పైగా 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి మధ్య చీలి ఉండేది. సరస్సు ఒకటే, పత్రికా ప్రకటనలు రెండు జిల్లాలవి. ఇప్పుడు కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది గానీ, ఆకివీడు వైపు మళ్లీ పశ్చిమ గోదావరే.

పోయిన చలికాలం కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్లి, తిరుగు దారిలో ఒక లంక దగ్గర టీకి ఆగాం. బెంచీ మీద ఒక పెద్దాయన. మాటల్లో కాంటూరు సంగతి ఎత్తాను.

"ఐదో కాంటూరంటారు, మూడో కాంటూరంటారు. మా గట్టు మీద అంకెలేం రాసుండవు బాబూ. నీళ్లొచ్చాక తెలుస్తాది ఎక్కడిదాకా అన్నది," అన్నాడాయన.

"కమిటీ వచ్చినప్పుడు మీరు మాట్లాడారాండీ?"

"మా ఊరోళ్లు మాట్లాడారు. అర్జీ కూడా ఇచ్చారు. ఆళ్లు రాసుకున్నారు. తర్వాత తగ్గించొద్దన్నారని పేపర్లో వచ్చింది. వద్దంటే వద్దన్నారు, అది ఆళ్లిష్టం. ఎందుకొద్దన్నారో మాకెవరూ చెప్పలేదు కదండీ."

గ్రూనిగ్ పుస్తకం చదవకుండానే ఆయన నాలుగో మోడల్ చెప్పేశాడు. విన్నంత మాత్రాన అడిగినదంతా ఇచ్చెయ్యక్కర్లేదు, ఆ సంగతి ఆయనా ఒప్పుకున్నాడు. ఆయన అడిగింది కారణం మాత్రమే. కాదన్నప్పుడు ఎందుకు కాదో, వాళ్ల భాషలో, వాళ్ల ఊరికి వచ్చి చెప్పడం. 2025లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ మళ్లీ కొల్లేరు వచ్చి జనం మాట విని వెళ్లింది. మళ్లీ అర్జీలు, మళ్లీ రాసుకోవడం.

నా ఫోన్‌లో 2011 రిపోర్టు ఉంది, ఇంగ్లీషులో. తీసి, వరద నీళ్ల భాగం వరకు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మధ్యలో ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఉప్పుటేరు పూడిక గురించి ఒకాయన వేసిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పెద్దాయన అంతా విని, టీ గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"మరి మా ఊరోళ్లు ఇచ్చిన అర్జీ ఇందులో ఏ పేజీలో ఉంది బాబూ?"

ఊరి పేరు ఇంగ్లీషులో ఎలా రాసుంటారో ఆలోచించి, సెర్చ్‌లో ఒక్కో స్పెల్లింగ్ కొట్టి చూడటం మొదలుపెట్టాను. ఆయన ఫోన్ వైపు వంగి చూస్తూ కూర్చున్నాడు.